గడప ముందు నాలుగు కాళ్ళు

మా గల్లీలో సిమెంటు రోడ్డు వేసిన సాయంత్రం, తడి ఆరకముందే ఒక ఊరకుక్క ఈ చివర నుంచి ఆ చివరకు తీరిగ్గా నడిచి వెళ్ళింది. కాంట్రాక్టరు మనిషి కట్టె పట్టుకుని తరిమాడు. తరిమితే అది వెనక్కి తిరిగి మళ్ళీ ఆ రోడ్డు మీదుగానే పరుగు తీసింది. పోయేటప్పుడు నడక, వచ్చేటప్పుడు పరుగు, రెండూ సిమెంటులో అచ్చు పడ్డాయి. ఇరుగుపొరుగంతా కుక్కనీ కాంట్రాక్టరునీ కలిపి తిడుతుంటే నేను గేటు పట్టుకుని పడీపడీ నవ్వుతున్నాను. మా ఆయన బయటికొచ్చి "ఏమైందే నీకు, నలుగురు జూస్తున్నరు" అన్నాడు. "సారు ఉంటే ఈ గల్లీల ఎవ్వర్నీ అడుగు వెయ్యనిస్తుండెనా?" అన్నాను. అంతే, ఆయనా గేటుకు రెండోవైపు పట్టుకున్నాడు.

సారు పోయి అప్పటికి రెండేళ్ళు. పోయిన రోజు కడుపారా ఏడ్చాను. ఆ తర్వాత ఆయన ఎప్పుడు గుర్తొచ్చినా నవ్వే వస్తోంది. పోయినవాళ్ళను తలుచుకుని ఇంత నవ్వడం తప్పేమోనని మొదట్లో భయపడ్డాను గానీ, ఇందులో నా తప్పేమీ లేదు. ఆయన మనిషే అట్లాంటివాడు.

పేరు రాయను. ఎవరో పెద్ద పండితుడనుకుని మీరు వెతుక్కుంటూ పోతారు. ఆయన పండితుడు కాదు. రాళ్ళూ గనులూ చూసే సర్కారు ఆఫీసులో పటాలకు సిరా దిద్దే ఉద్యోగం చేసి రిటైరై, శామీర్‌పేటలో ఒక చిన్న ఇంట్లో ఉండేవాడు. ఆఫీసులో ఆయన్ని ఏమని పిలిచేవారో తర్వాత చెబుతాను. మేము బండల సారు అనేవాళ్ళం.

మాకు అత్వెల్లి దగ్గర మెయిన్ రోడ్డు మీద బండల అడ్డా ఉండేది. తాండూరు బండలు, షాబాదు బండలు, కడప నల్లబండలు వరసలుగా నిలబెట్టి అమ్మేవాళ్ళం. తొంభై ఆరు, తొంభై ఏడు ప్రాంతంలో భూములకు రెక్కలొచ్చాయి. మా ఆయన పొలాలను ప్లాట్లు చేసే పనిలో పడి తెల్లారితే కీసర, పొద్దుగూకితే శామీర్‌పేట అని తిరుగుతుంటే, అడ్డా నా నెత్తిన పడింది. కొత్త కోడలిని, కోపిష్టిదాన్ని, పైగా బండల గురించి ఒక్క ముక్క తెలియనిదాన్ని. కోపం ఒక్కటీ పెట్టుబడిగా పెట్టి వ్యాపారం నడిపాను.

ఒక పొద్దున గేటు తాళం తీసి లోపలికి పోతే, పసుపుపచ్చ ఇసుకరాళ్ళ మధ్య ఒక మనిషి బోర్లా పడి ఉన్నాడు. తాగి పడ్డాడో, ప్రాణమే పోయిందో తెలియలేదు. దగ్గరికి పోయి వంగి చూశాను. ఆయన తల ఎత్తలేదు. చెంప బండకు ఆనించి ఒక కన్ను మూసి ఉన్నాడు.

"ఎండకు అడ్డం నిలవడకు బిడ్డా" అన్నాడు.

నా అడ్డాలోకి గోడ దూకి వచ్చి నన్నే పక్కకు జరగమంటాడా అని ఒళ్ళు మండింది. కానీ జరిగాను. ఎందుకు జరిగానో ఇప్పటికీ తెలియదు. ఆయన చెబితే ఎవరైనా జరిగేవారు. ఆయన లేచి దుమ్ము దులుపుకున్నాక చూశాను, ప్యాంటుకు రెండు మోకాళ్ళ దగ్గరా రెండు వేరువేరు రంగుల అతుకులు. ఆ తర్వాత పదేళ్ళలో అతుకుల్లేని ప్యాంటుతో ఆయన్ని ఒక్క రోజు కూడా చూడలేదు.

ఆయన వెతుకుతున్నది అడుగులు. రాక్షసబల్లులు పుట్టకముందే, నీళ్ళలో బతికే జాతి నుంచి నేల మీదికొచ్చిన నాలుగుకాళ్ళ జీవాల అడుగులు. అవి తడి ఇసుక మీద నడిచాయట. ఆ ఇసుక మీద ఇంకో పొర ఇసుక పడి, కోట్ల ఏళ్ళకు రాయి అయిపోయిందట. గోదావరి దిక్కు నుంచి లారీల్లో వచ్చే ఇసుకరాయిలో ఆ అడుగులు ఉండొచ్చని ఆయన అత్వెల్లి నుంచి శామీర్‌పేట దాకా ఒక్క అడ్డానూ వదలకుండా మోపెడ్ మీద తిరిగేవాడు. మరి మన చుట్టూ ఇన్ని గుట్టలున్నాయి కదా, అక్కడ చూడరాదా అని అడిగాను.

"మన మేడ్చల్ గుట్టలా? అది నిప్పుల కుంపట్ల పుట్టిన రాయి బిడ్డా. దాని మీద ఎవడు నడుస్తడు, కాళ్ళు కాలవా?" అన్నాడు.

ఆయన మాటలు కొన్ని మా ఇంట్లో సామెతలైపోయాయి. "పొద్దు నెత్తి మీదికొస్తే బండ గుడ్డిదైతది" అనేవాడు. అడుగు లోతు తక్కువ. ఎండ ఏటవాలుగా పడితేనే నీడ కట్టి కనిపిస్తుంది. అందుకని పొద్దున ఏడుకో, సాయంత్రం అయిదుకో వచ్చేవాడు. మధ్యాహ్నం రావలసి వస్తే మంగలి షాపులో వాడే గుండ్రటి అద్దం ఒకటి జేబులోంచి తీసి, ఎండను దానిలో పట్టి బండ మీదికి అడ్డంగా పారించేవాడు. "ఎముకలు సచ్చినోళ్ళవి. అడుగులు బతికున్నోళ్ళవి" అనేవాడు. ఇంకొకటి, నాకు వెయ్యిసార్లు చెప్పింది: "ఏం జంతువో తర్వాత. ఎటు వోతుందో ముందు జూడు." వెయ్యిసార్లు విన్నానే గానీ అవసరం పడిన రోజు మరిచిపోయాను. ఆ సంగతికి వస్తాను.

అద్దం వల్ల ఒక తమాషా జరిగింది. అత్వెల్లి నుంచి ఒకామె మా అడ్డా ముందు నుంచి పోతూ ఈయన అద్దం పట్టుకుని బండలోకి తేరిపార చూడడం చూసి, అంజనం వేసే మనిషనుకుంది. చెప్పులు విడిచి లోపలికొచ్చి చేతులు జోడించింది.

"సారూ, మా బర్రె మూడొద్దుల సంది కనవడ్తలేదు. జర అద్దంల జూసి ఏ దిక్కుకు వొయిందో చెప్పు."

నేను నోరు తెరిచి నిజం చెప్పబోయాను. ఆయన చేతితో ఆపి, "ఏ కాలు కుంటుతది?" అని అడిగాడు. ఆమె బిత్తరపోయింది. "ఎనక ఎడమకాలు. నీకెట్ల ఎర్క?" అంది. ఆయనకు ఎర్క లేదు, ఊరికే అడిగాడు. కానీ అది తెలిశాక ఇక ఆగలేదు. ఆమె దొడ్డి నుంచి బురద వెంట, గట్ల వెంట కుంటి అడుగు పట్టుకుని పోయి, సాయంత్రానికి పక్క ఊరి జొన్నచేనులో బర్రెను దొరకబట్టాడు. చేను వాళ్ళతో తిట్లు కూడా తిన్నాడు. వారం తిరగకముందే మా గేటు ముందు రోజుకు ఆరుగురు కూర్చోవడం మొదలైంది. ఒకామె మొగుడు పోయి పది రోజులైందని వచ్చింది. ఈయన చాలా గంభీరంగా "చెప్పులేసుకొని పోయిండా, ఒట్టికాళ్ళతోనా?" అని అడిగాడు. నేను కడప బండల చాటుకు పోయి కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఇక ఆయనకు ఈ పిచ్చి ఎక్కడ అంటుకుందో చెప్పాలి. ఉద్యోగంలో ఉండగా ఒకసారి పెద్ద ఆఫీసర్ల వెంట చెన్నూరు అవతల క్యాంపుకు తీసుకుపోయారట. తెల్లారగట్ల చెంబు పట్టుకుని వాగులోకి పోయాడు. కూర్చున్నాడు. ఎదురుగా వాగు అడుగున పరచుకున్న బండ మీద పొద్దు పొడిచింది. పొడవగానే బండ మీద అడుగులు లేచాయి. రెండు వరసలు, నడుమ పొట్ట ఈడ్చిన గీత, వాగుకు అడ్డంగా పోతున్నాయి. చెంబు అక్కడే వదిలేసి క్యాంపుకు పరుగెత్తాడు. ఆఫీసర్లు లేచి, స్నానాలు చేసి, ఉప్మా తిని, చాయ్ తాగి బయల్దేరేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. బండ నున్నగా ఉంది. ఏమీ లేదు. పెద్ద ఆఫీసరు చెంబు చేతికి తీసుకుని మూతి దగ్గర వాసన చూసి "ఇందుల ఏముండెనయ్యా?" అన్నాడట. క్యాంపంతా నవ్వింది. ఆ రోజే క్యాంపు ఎత్తేశారు. రిటైరయ్యే దాకా ఆఫీసులో ఆయన చెంబు సారు.

ఏటవాలు ఎండ సంగతి ఆయనకు తట్టేసరికి కొన్నేళ్ళు పట్టింది. తట్టాక సెలవు పెట్టి పోయి చూస్తే వాగు దారి మార్చుకుని ఆ బండ మీద నిలువెత్తు ఇసుక మేట వేసింది. ఈ కథ చెప్పేటప్పుడు ఆయనే అందరికంటే ఎక్కువ నవ్వేవాడు. చెంబు వాసన చూసిన ఘట్టం అభినయించి చూపించేవాడు. ఒక్కసారి మాత్రం, అడ్డాలో ఎవరూ లేనప్పుడు, "ఇంకొక్కటి దొరికితే చాలు బిడ్డా. నాకు గాదు, నేను చూసిన. నలుగురు నిలవడి చూడాలె" అన్నాడు. అనేసి అద్దం తుడుచుకున్నాడు. చాయ్ చెప్పే వంకతో బయటికి పోయాను.

ఆయన్ని కదిపితే చాలు, ఆ జీవం ఎట్లా నడిచిందో చూపించేవాడు. కదపకపోయినా చూపించేవాడు. వంటింటి గట్టుకు బండ కొనడానికొచ్చిన పెద్దమనిషిని "నువ్వు చిన్నప్పుడు ఎట్ల పాకినవో యాదికుందా?" అని అడిగేవాడు. ఆ పెద్దమనిషి తేరుకునే లోపల ఈయన నాలుగు కాళ్ళ మీదికి దిగిపోయేవాడు. కుడి చేయి, ఎడమ కాలు. ఎడమ చేయి, కుడి కాలు. మోచేతులు బయటికి, నడుము ఒకసారి అటు ఒకసారి ఇటు. కొనుగోలుదార్లు కొందరు అటునుంచి అటే వెళ్ళిపోయేవారు. నాకు కోపమొచ్చి ఒకటి రెండుసార్లు గట్టిగా అన్నాను కూడా. మర్నాడు రాకపోతే బాగుండుననుకుని, మర్నాడు ఏడు దాటితే గేటు వైపు చూసేదాన్ని.

ఒక ఎండాకాలం శామీర్‌పేట చెరువు అంచులు ఎండి బురద తేలింది. అసలు అడుగులు ఎట్లా పడతాయో కొలిచి చూడాలని మమ్మల్ని వెంటబెట్టుకుపోయాడు. నేనూ, మా ఆయనా, మా మేస్త్రి యాదయ్య, మా అత్తమ్మకు చెప్పకుండా తెచ్చిన ఆమె కోడిపెట్ట. ముందు కోడిని నడిపించాడు. తర్వాత యాదయ్య పట్టుకొచ్చిన తొండను వదిలితే అది బురద మీద గీత కూడా పడకుండా మాయమైపోయింది. తర్వాత తనే పాకాడు. లేచి చూసి తల అడ్డంగా ఊపాడు.

"నాకు బరువు లేదు. పొట్ట తగుల్తలేదు" అన్నాడు. అని మా ఆయన వైపు చూశాడు. ప్లాట్ల వ్యాపారంలో మా ఆయనకు ఒక పొట్ట వచ్చింది. "పటేలా, నీ పొట్ట నాకు అక్కరొచ్చింది."

పది మందితో పటేలా అనిపించుకునే మనిషి, ఇస్త్రీ బట్టలు, చేతికి వాచీ. పోట్లాడతాడనుకున్నాను. ఆయన వాచీ విప్పి నా చేతికిచ్చి బురదలోకి దిగాడు. సారు వెనకాలే కర్ర పట్టుకుని "నడుం తిప్పు, నడుం తిప్పు" అని అరుస్తున్నాడు. పట్నం నుంచి సరదాగా వచ్చినవాళ్ళు చుట్టూ గుమికూడారు. ఎవరో మొక్కు తీర్చుకుంటున్నారనుకున్నారు. ఒక ముసలామె ముందుకొచ్చి మా ఆయన నుదుటికి కుంకుమ పెట్టి, ఒంటినిండా బురదతో ఉన్న ఆ మనిషి కాళ్ళకు దండం పెట్టుకుంది. మా ఆయన ఏం చేయాలో తోచక నాలుగు కాళ్ళ మీద ఉండే ఒక చేయి ఎత్తి దీవించాడు. "చెయ్యి ఎత్తకు, కొలత వోతది" అని సారు గదమాయించాడు. నేను బురదలోనే కూలబడి నవ్వాను. తిరిగొచ్చేటప్పుడు కోడి కనిపించలేదు.

మా అత్తమ్మ సంగతి చెప్పలేదు కదూ. ఇంట్లో ఆమె మాటే మాట. తిథి చూడనిదే చీపురు కూడా కొనదు. సారంటే ఆమెకు గిట్టేది కాదు. "మనిషి రెండు కాళ్ళ మీద నిలవడ్తందుకే ఎన్ని తిప్పలు వడ్డడో. ఈయనేంది మల్ల నాలుగు కాళ్ళ మీదికి తోలుతున్నడు" అనేది. కోడి పోయాక పిచ్చి సారు అని పేరు కూడా పెట్టింది.

కొత్త శతాబ్దం మొదట్లో మేము మేడ్చల్‌లో ఇల్లు కట్టుకున్నాం. తూర్పు ముఖం ఇల్లు. గడపను ఆనుకుని బయట వేసే బండ మాత్రం తనే ఏరుకుంటానని అత్తమ్మ ఒక సాయంత్రం అడ్డాకొచ్చింది. యాదయ్య ఒక మందపాటి ఇసుకరాయిని పక్కకు నిలబెట్టి, రెండు పొరల నడుమ ఉలి పెట్టి కొట్టాడు. పై పొర ముక్కలై రాలిపోయింది. కింది పొర నిండుగా నిలిచింది. దాని మీద అడుగులు.

ఏడాది పిల్ల అరచేయంత అడుగులు, జతలు జతలుగా, రెండు వరసల్లో. నేను నోరు తెరిచే లోపలే అత్తమ్మ బండ ముందు మోకరిల్లింది. "లచ్చిందేవి పాదాలు" అంది. అక్కడికక్కడే పసుపు తెప్పించి బండంతా పూసింది. మన ఇళ్ళలో పండగకు గడప ముందు లక్ష్మి పాదాలు ముగ్గుతో వేస్తాం కదా, వేళ్ళు ఇంటి లోపలికి చూసేటట్టు. అట్లాగే ఆమె ఆ బండను పాదాలు లోపలికి వచ్చేటట్టు యాదయ్యతో దగ్గరుండి వేయించింది. యాదయ్య కదలకుండా నాలుగువైపులా సిమెంటు కూరి పెట్టాడు.

సారు అప్పుడు లేడు. కంటి ఆపరేషన్ అయింది. నెల రోజులు తల వంచొద్దని డాక్టరు చెప్పాడు. నేను కబురు పంపొచ్చు. పంపలేదు. ఆయన మొహం చూడాలని నా కోరిక. గృహప్రవేశానికి రమ్మని మాత్రం చెప్పి, బండ ఊసు ఎత్తలేదు. అత్తమ్మ తిప్పిన దిక్కు సరైనదేనా అని ఒక్క క్షణం కూడా చూడలేదు. ఆయన నాకు నేర్పిన ఒకే ఒక్క పాఠం అది.

ముహూర్తం పొద్దు పొడుపున. పందిరి నిండా చుట్టాలు. సారు నల్లద్దాలు పెట్టుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, బుద్ధిమంతుడిలా దూరంగా నిలబడ్డాడు. పక్కన వాళ్ళావిడ కాపలా. బండ కడిగి కుంకుమ బొట్లు పెట్టారు. పంతులు మంత్రం చదువుతుంటే ఆవును లోపలికి తోలారు. ఆవు గడప ముందు మొరాయించింది. నెట్టితే తడి గిట్టలు బండ మీద వేసి లోపలికి పోయింది. అప్పుడే ఎదురుగా ఎండ వచ్చి గడప మీద పడింది.

సారు నల్లద్దాలు నుదుటి మీదికి తోసుకున్నాడు. చుట్టాలను చేతులతో పక్కకు తప్పిస్తూ వచ్చేశాడు. వాళ్ళావిడ "వంగకుండ్రి, కన్ను ఖరాబైతది" అంటూ వెంట వచ్చింది. ఆయన వంగలేదు, ఏకంగా బోర్లా పడుకున్నాడు. పంతులు మంత్రం ఆగిపోయింది. తర్వాత ఒక నవ్వు. బొడ్డు దగ్గర పుట్టి పైకొచ్చే నవ్వు, అంత వయసు మనిషి ఎక్కడ దాచుకున్నాడో. "ముంగటి కాలికి నాలుగు వేళ్ళు. ఎనక కాలికి అయిదు. ఉన్నయి, అన్ని ఉన్నయి" అన్నాడు. నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. అప్పుడు ఆయన తల ఎత్తి అత్తమ్మను చూసి, పరమానందంగా అన్నాడు:

"అక్కా, చూడున్రి. ఆవు లోపలికి వచ్చింది. ఇది బయటికి పోతాంది."

గృహప్రవేశం రోజు, గడప ముందు, లక్ష్మి బయటికి పోతోందని ఎవరైనా అంటారా?

"లోపలికే వస్తాంది" అంది అత్తమ్మ. "మడిమ లోతుగ ఉన్నది, కనవడ్తలేదా?"

"అది మడిమ గాదక్కా. మనిషికి మడిమ దిగుతది. దీనికి వేళ్ళు దిగుతయి. వేళ్ళతోని నేలను ఎనక్కి తంతది, ఎనక ఇసుక కుప్ప వడ్తది. మీరు వేళ్ళనుకున్నది గా కుప్పనే" అన్నాడు. ఆవు తడి గిట్టల పక్కన వేలు పెట్టి చూపించాడు. ఒకసారి చూశాక ఇక వేరే విధంగా చూడలేకపోయాం. ఆవు ఇటు, అది అటు.

అత్తమ్మ మొహం నల్లబడింది. "యాదయ్యా, గడ్డపార తే. తీసెయ్" అంది.

"తీస్తే పలుగుతది పెద్దమ్మా. సిమెంటు పట్టింది. ముక్కలైతది" అన్నాడు యాదయ్య.

"అయితే కానీ."

నేను కబురు పంపి ఉంటే ఆయన ముందే చూసేవాడు, బండ అడ్డాలోనే భద్రంగా ఉండేది. నా సరదాకు ఆయన ముప్పై ఏళ్ళ వెతుకులాట గడ్డపార కిందికి వచ్చింది. మా ఆయన సారును చెయ్యి పట్టి లేపి, చెవి దగ్గర మెల్లగా అన్నాడు గానీ పక్కనే ఉన్న నాకు వినబడింది. "సారూ, ఒక్క మాట. కన్ను మసకుండె, లోపలికే వస్తాందను. అమ్మ నమ్ముతది. బండ మిగుల్తది."

సారు బండ వంక చూశాడు. యాదయ్య గడ్డపార తెచ్చి గోడకు ఆనించాడు. ఆ ఒక్క అబద్ధం ఆడితే చాలునని నేను లోలోపల మొక్కుకున్నాను. ఆడమని కళ్ళతో బతిమాలాను.

"ముప్పై ఏండ్లు నన్ను అబద్ధమన్నరు పటేలా" అన్నాడు చివరికి. "దొరికినంక దాన్ని గూడ అబద్ధం జేస్తనా? పలగ్గొడితే పలగ్గొట్టున్రి. అందరు చూసిన్రు గద, నాకు గది చాలు. కానీ అది బయటికే పోతాంది."

అత్తమ్మ గడ్డపార వైపు చూడలేదు. ఆయన్నే చూసింది. ఆమెకు అబద్ధం చెప్పి బతిమాలేవాళ్ళు తెలుసు, భయపడి ఒప్పుకునేవాళ్ళు తెలుసు. ఇట్లాంటివాడు కొత్త.

"లచ్చిందేవి గాకపోతే మరేందది?" అంది.

"కప్పకు పెద్దన్న అక్కా, మొసలికి చిన్న తమ్ముడు. నీళ్ళిడిసి భూమ్మీదికొచ్చిన జాతి."

"ఉడుమసొంటిదా?"

సారు ఒక్క క్షణం ఆలోచించాడు. "చూపుకు అసొంటిదే. ఉడుము గాదు గని."

అత్తమ్మ చుట్టాలందరినీ ఒకసారి కలయజూసింది. "ఉడుము ఇంట్ల జొర్రితే ఏం జేస్తరు?" అని అడిగింది. అందరికీ తెలుసు, మా దిక్కున ఉడుము దూరిన ఇల్లు ఖాళీ చేస్తారు. "నేను ఎర్కలేక దాన్ని ఇంట్లకు తోలుకుందునే. ఈ సారు జెప్పవట్టి ఎర్కైంది, బయటికి పోతాందని. పోనియ్యున్రి. మంచిదే గద. యాదయ్యా, గడ్డపార అవుతల వెట్టు."

పందిట్లో ఎవరు ముందు నవ్వారో తెలియదు. పంతులు కూడా నవ్వాడు. నేను ఏడుస్తూ నవ్వాను. అత్తమ్మ మాత్రం నవ్వకుండా కొంగు నడుముకు దోపుకుని, బండ పక్కన నిలబడి, సారుతో అంది:

"ఇగ జెప్పు సారూ. ఎట్ల నడిసింది? ఒకసారి సూపియ్యి."

ఎన్నేళ్ళుగానో అడగని వాళ్ళందరికీ ఆయన నడిచి చూపించాడు. చూపించమని అడిగిన మొదటి మనిషి మా అత్తమ్మ. ఆయన కిందికి దిగబోయి దిగలేకపోయాడు. గడప పక్కన కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. వాళ్ళావిడ వచ్చి నల్లద్దాలు నుదుటి మీది నుంచి తీసి తన కొంగులో కట్టుకుంది. ఈసారి వంగొద్దని అనలేదు.

"ఏడ్సుడు తర్వాత" అంది అత్తమ్మ. "జల్దీ కానీ, ముహూర్తం దాటిపోతాంది. ఇంట్ల నుంచి దాన్ని నువ్వే ఎల్లగొట్టాలె."

సారు అరచేతులు బండ మీద ఆనించాడు. కుడి చేయి, ఎడమ కాలు. ఎడమ చేయి, కుడి కాలు. నడుము అటు, ఇటు. పట్టుచీరలూ జరీపంచెలూ రెండు వరసలుగా విడిపోయి దారి ఇచ్చాయి. ఎవరూ పిచ్చి అనలేదు. ఆయన బండ దిగి, మెట్టు దిగి, పందిరి కిందుగా ఎండలోకి పోతున్నాడు. మా అత్తమ్మ గడపలో నిలబడి, ఏ చేయి తర్వాత ఏ కాలు పడుతోందో పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకుంటూ, ఆయన గేటు దాటేదాకా రెప్ప వాల్చకుండా చూసింది.